పిడికెడు పక్కన పెట్టి: ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పేకాట క్లబ్బు దాకా

బుడ్డప్పా, నీ ఆట డబ్బా కనపడకుండా పోయిన ఆదివారం నేను ఒక్కదాన్నే నంద్యాలకు పోయాను. నువ్వు బతికున్నన్నాళ్లూ ఆ క్లబ్బు గేటు కూడా చూడనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. ఆ రోజు చూశాను. గేటే కాదు, వెనక వంటిల్లు దాకా పోయి కూర్చున్నాను. నీకు చెప్పుకోవాల్సిన మాటలు కొన్ని, ఇట్లాంటి పనిమీదే ఆ దారిన బయల్దేరే తల్లులకు చెప్పాల్సినవి కొన్ని, రెండూ కలిపి రాస్తున్నాను. నాది ఐదో తరగతి చదువు. ఒక మాట ముందూ వెనకా అయితే చదివేవాళ్లు సర్దుకోవాలి.

బుడ్డప్ప మా పెద్దకొడుకు. బాప్తిస్మం పేరు జయరాజు. నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమస్తాగా ఉండేవాడు. సెలవు రోజుల్లో క్లబ్బుల్లో జరిగే పదమూడు ముక్కల పోటీలకు పోయేవాడు. ఆ పోటీ ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్తాను. ముందు ఎంట్రీ దుడ్లు కట్టాలి. బల్లకు ఆరుగురు కూర్చుంటారు. ఓడిన ఆటకల్లా పాయింట్లు మీద పడతాయి, నూటొకటి దాటినవాడు లేచిపోవాలి. మిగిలినవాడు పై బల్లకు పోతాడు. ఆఖరి బల్ల మీద మిగిలినవాడికి ప్రైజు. మొదటే ఓడినవాడు కావాలంటే మళ్లీ ఎంట్రీ కట్టి ఇంకోసారి కూర్చోవచ్చు. దానికొక గంట కొడతారు, ఆ గంట మోగడం ఆగేలోపల కట్టాలి. కొంపలు మునిగేది ఆ రెండో ఎంట్రీ దగ్గరే అని బుడ్డప్ప అనేవాడు.

నేను మొదట్లో ఏడ్చి గోల చేశాను. మాది ఏసు గుడికి పోయే కుటుంబం. పాదిరి అయ్యగారికి తెలిస్తే ప్రభువు బల్ల దగ్గరికి రానిస్తాడా అని నా భయం. ఒకరోజు నేను ఎసట్లో వేసే బియ్యం కడుగుతుంటే వాడు పక్కన వచ్చి కూర్చున్నాడు. మా గుడి ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఏ పూట బియ్యం తీసినా, కడగకముందే ఒక పిడికెడు తీసి పక్క చట్టిలో వేస్తాం. నెలకొకసారి ఆ బియ్యం గుడికి ఇస్తాం. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ పిడికెడు తీయడం మానం, పొంగిపోయి రెండు పిడికిళ్లూ తీయం.

"మా, నేనూ నీ మాదిరే చేస్తాండా," అన్నాడు వాడు. "ఆట దుడ్లు వేరే డబ్బాలో పెట్టినా. ఇంటి దుడ్లు దాంట్లో కలవవు. ఆ డబ్బాను ఇరవై పిడికిళ్లు చేసినా. ఒక పోటీకి ఒక పిడికెడే."

"దేవుని బియ్యానికీ నీ పేకాటకూ పోలికేందిరా? నోరు కడుక్కో పో," అన్నాను.

"పోలిక చెయ్యికే మా, దేవునికి గాదు. ఎంత బాగా ఆడేటోడైనా శానా సార్లు ఉత్త చేతుల్తో లేస్తాడు. గెలిచే దినం యెప్పుడొస్తాదో ఎవునికీ తెలీదు. ఆ దినం వచ్చేదాకా డబ్బా బతికుండాల. అంతే."

"మరి డబ్బా తగ్గితే?"

"డబ్బా తగ్గితే పిడికిలీ తగ్గాల. చిన్న పోటీకి పోవాల. ఓడిన చెయ్యి పెద్దదయ్యేదానికి చూస్తాది మా. దాన్ని కానీగూడదు."

గెలిచిన రోజు సగం ఇంటికి, సగం డబ్బాకు. ఇంకొక నియమం కూడా ఉండేదట. దాని సంగతి నాకు నంద్యాలలోనే తెలిసింది. మొత్తానికి మూడు నాలుగేళ్లు వాడు ఆడినా మా ఇంట్లో చెంబు కూడా తాకట్టుకు పోలేదు. నేను అరవడం మానేశాను, ప్రార్థన చేయడం మానలేదు.

తరువాత వాడికి కామెర్లు వచ్చాయి. మందులు, పసర్లు, ప్రార్థనలు అన్నీ అయ్యాయి. ఇరవై ఏడేళ్ల బిడ్డ. ఆఖరు రోజుల్లో మెతుకు నోట్లో పెట్టలేకపోయాడు. ఇంతకన్నా ఆ సంగతి రాయలేను.

వాడు పోయి రెండేళ్లయినా ఆట డబ్బా అటక మీద అట్లాగే ఉంది. పాత బిస్కెట్ల డబ్బా, అందులో సుమారు వెయ్యి రూపాయలు. గుడికిచ్చేయమని మా ఆయన అన్నాడు. నాకు చెయ్యి రాలేదు. అవి వాడి చేతులు తగిలిన నోట్లు. సమాధి మీద మట్టి దిబ్బే ఉండేది, వాన పడినప్పుడల్లా కుంగిపోయేది. మా ఆళ్లగడ్డలో వీధి వీధిన రాళ్లు చెక్కుతారు, ఎక్కడెక్కడి ఊళ్లకో బొమ్మలు చెక్కి పంపిస్తారు. నా బిడ్డ మీద మాత్రం ఒక రాయి లేదు. సంవత్సరీకం రోజు ఆ మాట అని ఏడ్చాను. చిన్నకొడుకు సుధాకర్ పక్కనే నిలబడి విన్నాడు. వాడికి ఇరవై రెండేళ్లు, సైకిల్ షాపులో పని. ఆ తరువాత వచ్చిన ఆదివారం, ఉగాదికి ముందు, పొద్దున బియ్యానికి లేచి చూస్తే అటక మీద డబ్బా లేదు. దుమ్ములో డబ్బా అడుగు గుర్తు మాత్రం గుండ్రంగా ఉంది. సుధాకర్ పడుకునే చాపా ఖాళీ. రాత్రి పెట్టిన సంగటి ముద్ద గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

సైకిల్ షాపాయన ఇంటికి పరుగెత్తాను. ఆయన పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు.

"సుధాకరా? ఆరు గంటల బస్సుకు పాయ గదక్కా. నంద్యాల్లో ఉగాది పోటీ అంట. ఐదు వందల ఎంట్రీ. గెలిస్తే పదివేలు. అన్నకు నల్లరాయి సమాధి కట్టిస్తానని నిన్ననే చెప్పె."

ఐదు వందల ఎంట్రీ అనగానే వేళ్ల మీద లెక్కేశాను. డబ్బాలో ఉన్నది వెయ్యి. అంటే ఒకసారి ఓడితే సగం, రెండోసారి కూర్చుంటే మిగతా సగం. ఇరవై పిడికిళ్ల కుండను వీడు రెండు దోసిళ్లతో ఊడ్చేయబోతున్నాడు. దుడ్లు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ అన్న దుడ్లు పోగొట్టినవాడు ఏ మొహంతో ఇంటికొస్తాడు? రాకుండా ఎటో పోతే? రాత్రి కూడా తినలేదు. ఒకడు మట్టిలో ఉన్నాడు, రెండోవాడు ఈ ఎండలో ఏ రోడ్డు పట్టుకుంటాడో. నా భయం అదీ.

మా ఆయనకు మోకాళ్ల నొప్పులు, మంచం దిగితే గోడ పట్టుకోవాలి. "క్లబ్బులోకి ఆడోళ్లను రానియ్యరు మేయ్. గేటు కాడనే నిలబెడతారు," అన్నాడు.

"నిలబెట్టనీ. నిలబడేదానికి నాకు కాళ్లుండాయి," అన్నాను. రెండు జొన్న రొట్టెలు, కాస్త ఊరుబిండి గుడ్డలో కట్టుకున్నాను. చెనిగ్గింజలు, అదే వేరుశనగలు నూరి చేసే ఆ పచ్చడి సుధాకర్‌కు ప్రాణం. చెంగులో పది రూపాయల నోటు, కొంత చిల్లర. ఏడున్నరకు ఇల్లు దాటాను. గుడి గంట మోగుతుండగా అటు తిరగాల్సినదాన్ని ఇటు తిరిగాను. వెనకింటి సుందరమ్మ తెల్లచీర సర్దుకుంటూ కేకేసింది: "ఏందక్కా, గుడి ఈ పక్కుంటే నువ్వు ఆ పక్క పోతాండావ్?"

"దేవుడు రెండు పక్కలా ఉండాడులే సుందరమ్మా," అని నడక ఆపకుండా పోయాను. తరువాత నాలుక కరుచుకున్నాను.

ఆ కాలంలో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సు టికెట్టు నాలుగు రూపాయల చిల్లర, గంటంపావు ప్రయాణం. కానీ సెలవు రోజు పొద్దున ఆ బస్సులు నమ్ముకోవద్దు. అహోబిలం పోయొచ్చే జనం ముందే నిండిపోయి ఉంటారు. ఎనిమిదింటి బస్సు ఆగకుండానే పోయింది. తరువాత వచ్చింది ఆగింది కానీ తలుపు దగ్గర కాలు పెట్టే చోటు లేదు. నేను కడ్డీ పట్టుకుంటే కండక్టరు, "మా, పడతావ్, దిగు, దిగు," అని అరిచాడు. తొమ్మిది దాటింది. ఎండ తల మీదికొస్తోంది. ఆటలు పదింటికి మొదలని సైకిల్ షాపాయన చెప్పాడు. నా కళ్లకు ఆ బస్టాండు గడియారం తప్ప ఏమీ కనపడలేదు.

పక్కనే టీ కొట్టు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. పోయి డ్రైవర్ను అడిగాను. నడివయసు మనిషి, డోన్ ఊరాయనట. పైనుంచి కిందికి చూశాడు.

"ఒక్కదానివేనా మా? మూడు రూపాయలియ్యి, ఎక్కు."

లోడు పసుపు బస్తాలు. ఎక్కిన తరువాత తెలిసింది. క్యాబిన్లో అంతా ఆ వాసన, సీటు మీద పసుపు దుమ్ము. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటే నా గోళ్లు పచ్చగా ఉన్నాయి. నా బిడ్డ ఆఖరు వారం గోళ్లు అట్లాగే ఉండేవి. కొంగుతో తుడిచాను, పోలేదు. చేతులు చెంగు కింద దాచుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

నల్లగట్ల దాటినాక ఆయన అడిగాడు: "నంద్యాల్లో ఏం పని మా?"

"కొడుకును చూసేదానికి పోతాండానప్పా."

"ఏం చేస్తాడు?"

అబద్ధం నోటికి రాలేదు. "ఈ పొద్దు పేకాట ఆడతాండాడు," అన్నాను.

ఆయన స్టీరింగు మీద చరిచి నవ్వాడు. "అట్ల చెప్పు! నేనూ ఆడేటోన్నే మా. పోయిన నెల మా ఓనరు కొత్త టైర్లకని దుడ్లిచ్చె. ఒక ఆట చూసి కొనుక్కుందాంలే అంటి. ఒక ఆట పోయె. పోయింది రాబట్టుకుందామని ఇంకోటి. ఇంక చూస్కో, టైర్లు ఒగొగటే పోయినాయి. ముందర రెండు, ఎనక రెండు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు పాతవాటి మీదనే తోలుతాండా. ఓనరుకు తెలీదు. దేవుని దయ."

"అప్పా, టైర్ల దుడ్లు టైర్లకే ఉండాల గదా. ఆట దుడ్లు వేరే పెట్టుకోలేదా?"

"ఆట దుడ్లకు వేరే సంచా? నవ్వుతారు మా ఎవురన్నా," అన్నాడు. అని పావుగంట కాలేదు, శిరివెళ్ల మెట్ట దగ్గర టపాకాయ పేలినట్టు చప్పుడైంది. లారీ ఒక పక్కకు ఒరిగి రోడ్డంచున ఆగింది. ఇద్దరం దిగి చూశాం. ముందు టైరు పేలికలైంది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు దాన్నే చూశాడు.

"స్టెపినీ ల్యాదా అప్పా?" అన్నాను.

"అది మూడో ఆటలో పాయ మా."

ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. నేను మూడు రూపాయలు తీసి ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు మా. నా టైరు నిన్ను దావలో దించె. ఇంక దుడ్లు కూడా తీసుకుంటే బాగుండదు. నువ్వు బేగా పో. నీ కొడుకును పట్టుకో."

మెట్ట దగ్గర ఒక చెట్టు నీడలో గంటకు పైగా నిలబడ్డాను. తూర్పున నల్లమల ఎండకు తెల్లబారి కనపడుతోంది. నంద్యాల వైపు పోయే ప్రతి బండికీ చెయ్యి ఎత్తాను. గొర్రెల మంద అడ్డం వచ్చి రోడ్డు మూసుకుపోయినప్పుడు ఆ గొర్రెల కాపరిని తిట్టాను కూడా, పాపం. మొదటి బల్ల ఆటలు ఈపాటికి సగమై ఉంటాయి. సుధాకర్ బాగానే ఆడతాడు, అన్న పక్కన కూర్చుని నేర్చుకున్నవాడే. కానీ ముక్కలు ఎవరి మాట వింటాయి? బుడ్డప్పా, ఆ చెట్టు కింద నిన్ను తిట్టుకున్నాను. వాడికి ఆట నేర్పినావు, డబ్బా సంగతి నేర్పకుండా పోతివే అని. ఎట్టకేలకు ఒక బస్సు ఆగింది. రెండు రూపాయల టికెట్టు. అయ్యలూరు మెట్ట దాటి నంద్యాల చేరేసరికి పన్నెండు దాటింది. నిలబడే వచ్చాను.

బస్టాండు బయట కుర్ర రిక్షావాళ్లను వదిలి, రిక్షా తొక్కే ఒక ముసలాయన్ను చూసి అడిగాను. క్లబ్బు పేరు చెప్తే రిక్షా దిగి నిలబడ్డాడు.

"క్లబ్బుకా? ఎవురన్నా తప్పిపోయినారా మా?"

"తప్పిపోకముందే పోదామని. ఎంత తీసుకుంటావ్?"

"రెండు రూపాయలు. నీ కాడ ఒకటిన్నర. ఎక్కు. వచ్చేటప్పుడు ఇద్దరైతే మళ్లీ నన్నే పిలువు, నేను క్లబ్బు గేటు కాడనే ఉంటా."

క్లబ్బు అంటే నేను ఏదో మేడ అనుకున్నాను. ఒక పెంకుల బంగళా, ముందు వసారా, గేటు దగ్గర స్కూటర్లు, సైకిళ్లు. లోపలి నుంచి సిగరెట్టు పొగ, మాటల గోల. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడోళ్లు రాగూడదు మా."

"మా పిల్లోడు లోపలుండాడు నాయనా. ఒక్క మాట చెప్పి పంపు."

"ఆట జరిగేటప్పుడు ఎవుర్నీ పిలవగూడదు. నా కొలువు పోతాది." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎనక సందులో వంటిల్లుంది. ఆడికి పో. ఖాసిం మామ ఉంటాడు. కూటి గంట కొడితే అందరూ ఆ పక్కకే వస్తారు."

వెనక సందులోకి పోతే రేకుల కింద పెద్ద పొయ్యి, దాని ముందు గళ్ల లుంగీ కట్టుకున్న మనిషి గరిటె తిప్పుతున్నాడు. గడ్డం నెరిసింది. తలెత్తి చూశాడు, గరిటె ఆగింది.

"అమ్మా, నువ్వు జయరాజు అమ్మవు గదా? మొగం అదే."

నా పెద్దకొడుకు పేరు కొత్త మనిషి నోట విని చాలా కాలమైంది. తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఆయన పీట జరిపి, చెంబుతో నీళ్లిచ్చాడు.

"చిన్నోడు ఈడుండాడా అన్నా?" అన్నాను.

"ఉండాడు. పొద్దున వచ్చి పెద్ద పోటీకి కట్టె. మొదటి బల్ల మీద బాగనే ఆడె. పన్నెండింటికి లేచిపాయ."

"ఓడిపోయినాడా?"

"ఓడె. సగం పాయ. రెండో ఎంట్రీకి రెండింటికి గంట కొడతారు. దానికోసం వసారాలో తిరగతాండాడు." ఆయన గరిటె కుండ మీద పెట్టి నా వైపు తిరిగాడు. "ఒగ మాట చెప్తా తల్లీ. మీ పెద్దోడు యే దినం వచ్చినా ముందు ఈ వంటింటికే వచ్చేటోడు. కూటి దుడ్లు, ఊరికి బస్సు దుడ్లు నా చేతిలో పెట్టి, 'మామా, నేను కాళ్లు పట్టుకున్నా ఇవి తిరిగియ్యద్దు, కూడే పెట్టు, బస్సే ఎక్కించు' అనేటోడు. ఆ తర్వాతనే బల్ల కాడికి పోయేటోడు. చిన్నోడు పొద్దున నా మొగం గూడా చూడలే."

నాకు తెలియని నియమం అదే. బుడ్డప్పా, ఇంటికి వచ్చే దారి నువ్వు ముందే ఒకరి చేతిలో దాచి పెట్టుకునేవాడివని నాకెందుకు చెప్పలేదురా?

అప్పటికి ఒంటిగంట దాటింది. వాణ్ని పిలవమని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "ఇప్పుడు అమ్మ వచ్చిందంటే నలుగురిలో రోసం వస్తాది. మొండికేసి ఇప్పుడే కట్టేస్తాడు. కూటికి రానీ." ఉత్తినే కూర్చోలేకపోయాను. ఆయన రెండో విడతకు బియ్యం చాటలో పోసి పెట్టుకున్నాడు. రాళ్లేరుతానని తీసుకున్నాను. ఏరాను, చెరిగాను. కడగబోయే ముందు నా చెయ్యి దానంతట అదే ఒక పిడికెడు తీసి పక్కనున్న మూత మీద పోసింది. పోసిన తరువాత తెలిసింది ఎక్కడున్నానో.

ఖాసిం అన్న చూశాడు. "ఏంది తల్లీ, నా బియ్యంలో గూడా మీ గుడికి వాటా తీస్తివా?"

"అయ్యో, అలవాటు చొప్పున పొరపాటైంది అన్నా," అని తిరిగి పోయబోయాను.

"ఉండనీ, ఉండనీ. తీసినంక మళ్లీ పోయగూడదు. ఈ క్లబ్బులో దేవుని పేరు చెప్పి తీసిన మొదటి పిడికెడు ఇదే గావచ్చు," అని నవ్వాడు. ఆ మూత అట్లాగే గూట్లో పెట్టాడు.

ఒకటిన్నరకు కూటి గంట కొట్టారు. జనం బిలబిలమని వచ్చారు. పక్క గదిలో బల్లల మీద విస్తళ్లు. ఒక్కొక్క మొహం చూస్తూ తలుపు సందున నిలబడ్డాను. షర్టు గుండీలు విప్పుకున్నవాళ్లు, జేబులు తడుముకునేవాళ్లు, "ఆ జోకరు నాకు పడింటే నీ కథ అయిపోయుండేదిరా" అని అరుచుకునేవాళ్లు. వాళ్లలో సుధాకర్ లేడు. అందరూ కూర్చున్నారు. ఇంకా రాలేదు. ఖాసిం అన్న నా వైపు ఒకసారి చూసి, గరిటె ఇంకొకాయన చేతికిచ్చి వసారా వైపు పోయాడు. నేను కిటికీ దగ్గరికి పోయాను. అక్కడి నుంచి వసారా మూల కనపడుతోంది. సుధాకర్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చంకలో డబ్బా. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కూటికి రాలేదేందప్పా?" అని ఖాసిం అన్న అడగడం వినపడింది.

"ఆకలి కాలే మామా."

"ఆకలి కాకుంటే మానె. ఒగ పని ఉంది నీతో. మీ అన్న కూడు నా కాడ ఒగ పూటది మిగిలిపోయింది."

సుధాకర్ తలెత్తాడు. "అన్న కూడా?"

"ఆఖరుసారి వచ్చినప్పుడు కూటి దుడ్లు ముందే ఇచ్చినాడు. ఆట నడిమిలో జొరం వచ్చె, కళ్లు పచ్చగుండె. బస్సు దుడ్లు చేతికిచ్చి నేనే బస్సెక్కిస్తి. కూడు తినలే. మళ్లొచ్చినప్పుడు తింటా మామా అనె." ఖాసిం అన్న చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "రెండేండ్ల నుంచి నా కాడనే ఉంది అది. నువ్వు తినిపో. నాకు బాకీ తీరుతాది."

సుధాకర్ ఆయన వెనకే తల వంచుకుని వచ్చాడు. వంటింటి గడప దగ్గర నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వెందుకొచ్చినావ్ మా?" అన్నాడు. గొంతులో కోపమే ఉంది.

దారంతా తిట్లు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ రాలేదు. "రొట్టె తెచ్చినా. ఊరుబిండి ఉంది. కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు. డబ్బా ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఖాసిం అన్న విస్తరేసి అన్నం, పప్పు పెట్టాడు. నేను పక్కన ఊరుబిండి పెట్టాను. కలుపుతున్నాడు కానీ నోట్లో పెట్టుకోవడం లేదు. కళ్లు గోడ గడియారం మీదే. రెండుకు పది నిమిషాలు. అప్పుడు వాడి చూపు గూట్లో మూత మీద పడింది.

"అదేంది మామా?"

"మీ అమ్మ చేసిన పని. నా బియ్యంలో పిడికెడు తీసి పెట్టె."

సుధాకర్ ఆ బియ్యాన్ని చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా అన్నాడు, నాతో కాదు, విస్తరితో అన్నట్టు: "రాయి పెడదామనుకున్నా మా. మంచి రాయి. ఒగే ఆటలో వచ్చేస్తాదనుకున్నా."

"ఎంతుంది దాంట్లో ఇంక?"

"ఐదు వందలు."

"దానికి మీ అన్న చెయ్యైతే ఎంత తీసుండేది?"

పెదవులు కదిలాయి. లెక్క వాడికి వచ్చు. "ఇరవై ఐదు," అన్నాడు. "ఇంత పెద్ద పోటీ వైపుకే వచ్చుండడు."

ఇంకో మాట అనడానికి భయమేసి, రొట్టె తుంచి వాడి విస్తట్లో పెట్టాను. అప్పుడే లోపల గంట మోగింది. టంగు టంగుమని ఆగకుండా కొడుతున్నారు. "రెండో ఎంట్రీ, రెండో ఎంట్రీ" అని ఎవరో కేకేస్తున్నారు. పక్క గదిలో కుర్చీలు జరిగాయి, పరుగులు. సుధాకర్ ఎడమ చెయ్యి డబ్బా మీద బిగిసింది. మోకాలు పైకి లేచింది. ప్రభువా అని కూడా అనలేకపోయాను. ఖాసిం అన్న పొయ్యి దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

గంట ఆగింది.

సుధాకర్ మోకాలు కిందికి దించాడు. డబ్బా నా పక్కకు జరిపాడు. "ఇంకొంచెం అన్నం పెట్టు మామా," అన్నాడు.

ఖాసిం అన్న పెట్టాడు. నాకూ ఒక విస్తరేశాడు. అన్న కూడు ఇద్దరం పంచుకుని తిన్నాం. తింటూ తింటూ సుధాకర్ ఏడ్చాడు, ఊరుబిండి కారమని చెప్పాడు. అవునని నేనూ ఒప్పుకున్నాను. దుడ్లివ్వబోతే ఖాసిం అన్న, "ఇది ముందే కట్టిన కూడు. రెండుసార్లు తీసుకుంటే హరాం," అన్నాడు. బస్టాండుకు ఆ ముసలాయన రిక్షాలోనే పోయాం. మమ్మల్నిద్దరినీ చూసి, వచ్చేటప్పుడు తగ్గించిన అర్ధ రూపాయి కూడా కలిపి అడిగి తీసుకున్నాడు. నాలుగింటి బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. శిరివెళ్ల మెట్ట దగ్గర ఆ పసుపు లారీ ఇంకా అట్లాగే ఒరిగి ఉంది. డ్రైవరు దాని నీడలో పడుకుని ఉన్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపి, పక్కనున్న నా కొడుకును చూపించాను. ఆయన లేచి కూర్చుని రెండు చేతులూ ఎత్తాడు.

ఇప్పుడు ఆ క్లబ్బు లేదు, ఆ రేకుల వంటిల్లూ లేదు. ఆ తరువాత సుధాకర్ మళ్లీ ముక్క ముట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. అప్పుడప్పుడు ఆడాడు, చిన్న పోటీలు, పిడికెడే. రాయి కూడా వచ్చింది, ఒక్క ఆటలో కాదు. డబ్బాలో మిగిలినదానికి వాడి జీతంలోంచి నెల నెలా కొంచెం వేస్తూ పోయాడు, రెండో ఏడు ఒక నల్లరాయి పలక కొన్నాం. చెక్కేవాళ్లు అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. తారీఖులు, వాక్యం, పూలతీగ అన్నీ వద్దనుకుని బుడ్డప్ప అని ఒక్క మాట చెక్కించాం. ఆ పలక పక్కన కూర్చున్నప్పుడు నాకొకటి అనిపిస్తుంది. నా బిడ్డ పేకాటలో చేసింది తప్పో ఒప్పో అయ్యగారు చెప్పాలి, నేను చెప్పలేను. కానీ పోవడానికి ముందే తిరిగొచ్చే దారి ఏర్పాటు చేసుకున్నవాడు వాడు. ముందే కట్టిన ఆ కూడు వాడికి అక్కరకు రాలేదు. తమ్ముడికి వచ్చింది. నేనిప్పటికీ పసుపు వాసన వస్తే నా గోళ్లు చూసుకుంటాను. గంట మోగితే అది ఆగేదాకా చేతిలో పని ఆపేస్తాను. అయినా ప్రతి పూటా పిడికెడు తీస్తూనే ఉన్నాను.

ఆ దారిన పోయేవాళ్లకు ఒక్కటే చెప్తాను. ఆటకు పోయినా, సంతకు పోయినా, తిరునాళ్లకు పోయినా, అడుగు పెట్టిన వెంటనే తిండి దుడ్లు, ఇంటికి వచ్చే బస్సు దుడ్లు మీ జేబులో ఉంచుకోకుండా నమ్మకమైన ఒకరి చేతిలో పెట్టండి. మీరడిగినా తిరిగివ్వద్దని చెప్పండి. ఇక ఈ రాసింది చదివి ఊరికే కూర్చోవద్దు. పొద్దు పోకముందే లేచి, కడుపు నిండా అన్నం తినండి.